పసివారి బడిలో మతబోధ: బళ్లారి వీధిబడి మొదలు నేటి వరకు

ఉగాదినాడు పంచాంగశ్రవణం చేసి రాబోయే సంవత్సర ఫలాలు వినడం మన ఆచారం. రాబోయేదానితోపాటు గడిచినదానిని గూడా కాస్త తలచుకొనడం మంచిదని తోచి, ఈ సంచికకు ఒక చరిత్ర విషయాన్ని ఎన్నుకొన్నాను. నేను పండితుణ్ణి కాను. మెట్రిక్కు ప్యాసై రైల్వేలో గుమాస్తాగా పనిచేస్తున్నవాణ్ణి. అయినా పిల్లలుగల తండ్రిని గనుక ఈ విషయం నాకు పట్టినది. పెద్దలు దీనిని ఆ దృష్టితో చదువవలెనని మనవి.

విషయమేమంటే, చిన్నపిల్లల బడిలో మతాన్ని గురించి ఏమి చెప్పాలి, ఎంతవరకు చెప్పాలి, ఎవరి మతం చెప్పాలి అన్నది. మన పిల్లలు చదివే బడులలో ఒక్క బల్లమీద రామనామం చెప్పే ఇంటి పిల్ల, నమాజు చేసే ఇంటి పిల్లవాడు, ఆదివారం చర్చికి పోయే ఇంటి బిడ్డ, మెడలో లింగం కట్టిన బిడ్డ, ఏ దేవుణ్ణీ కొలవని ఇంటి బిడ్డ కలిసి కూర్చుంటున్నారు. మన సంఘాలు నడిపే ఆదివారపు తెలుగు తరగతులలో గూడా ఇదే పరిస్థితి. తరగతి మొదట ఏ ప్రార్థన పాడించాలి? పాడకుండా ఊరకే నిలుచున్న పిల్లను ఏమనాలి? ఇవి పైకి చిన్న ప్రశ్నలు. కాని ఆ పిల్ల మరుసటి ఆదివారం తరగతికి వస్తుందా, రాదా అన్నది వీటిమీదనే ఆధారపడి ఉన్నది. ఒక పిల్ల రాకపోతే ఒక ఇంటిలో తెలుగు ఆరిపోయినట్లే.

ఈ ప్రశ్న నేడు పుట్టినది కాదు. రెండువందల ఏళ్లుగా ప్రభుత్వాలు, మిషనరీలు, తల్లిదండ్రులు, న్యాయస్థానాలు దీనితో కుస్తీ పట్టినవి. ఆ కథకు ఒక మంచి ఆరంభం, కర్ణాటకంలోని తెలుగువారికి బాగా పరిచయమైన బళ్లారిలోనే దొరుకుతున్నది.

బళ్లారి కలెక్టరు చూచిన వీధిబడి

1822లో మద్రాసు గవర్నరు సర్ తామస్ మన్రో తన రాజధానిలోని కలెక్టర్లందరికీ ఒక ఉత్తరువు పంపినారు. మీ జిల్లాలో బడులెన్ని, పిల్లలెందరు, ఏ కులాలవారు, ఏ పుస్తకాలు చదువుతున్నారు, వివరంగా వ్రాసి పంపండి అని దాని సారాంశం. బళ్లారి కలెక్టరు ఎ.డి. క్యాంబెల్ 1823 ఆగస్టులో జవాబు పంపినారు. ఈయన తెలుగు నేర్చి 1816లోనే తెలుగు వ్యాకరణాన్ని ఇంగ్లీషులో అచ్చువేసిన మనిషి. అందుచేత ఆ జవాబు అంకెల పట్టికగా మిగిలిపోక, బడిలో కూర్చుండి చూచినవాని మాటలవలె ఉన్నది.

ఆనాటి బళ్లారి జిల్లాలో నేటి అనంతపురం ప్రాంతం గూడా చేరి ఉండేది. జనాభా 9,27,857. బడులు 533. పిల్లలు 6,641 మంది. అంటే వెయ్యిమంది జనానికి సుమారు ఏడుగురు పిల్లలు మాత్రమే బడిలో ఉండినారు. ఈ 533 బడులలో కన్నడ బడులు 235, తెలుగు బడులు 226, మరాఠీవి 23, పారసీవి 21, అరవ బడులు 4, ఇంగ్లీషుది ఒక్కటి. ఇవిగాక బ్రాహ్మణులు మాత్రమే సంస్కృతం చదువుకొనే చోట్లు 23. తెలుగు, కన్నడ బడులు ఇంచుమించు సరిసమానంగా ఉండిన సంగతి గమనించదగినది. ఎవరు ఎవరికి వలసవచ్చినవారో చెప్పడానికి వీలులేని సీమ అది. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రం ఏర్పడినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకు, తక్కినవి మైసూరుకు పోయినవి. కాని బడులలో భాషలు మాత్రం అంతకుముందు వందల ఏళ్లుగా కలిసే ఉండినవి.

ఇక మతం సంగతి. పిల్లవానికి ఐదవయేడు రాగానే అయ్యవారిని, బడిపిల్లలను ఇంటికి పిలుస్తారు. వినాయకుని ప్రతిమ చుట్టూ అందరూ కూర్చుంటారు. ధూపం వేసి, నైవేద్యం పెట్టి, బుద్ధినిమ్మని పిల్లవానిచేత వినాయకుణ్ణి ప్రార్థింపజేసి, బియ్యంలో వ్రేలితో దేవుని నామం వ్రాయిస్తారు. మరునాటినుంచి చదువు. ఉదయం ఆరు గంటలకు బడి. అందరికన్న ముందు వచ్చిన పిల్లవాని అరచేతిలో సరస్వతి పేరు వ్రాస్తారు, అది గౌరవం. రెండవవానికి సున్న చుడతారు, పొగడ్తా లేదు, తెగడ్తా లేదు. మూడవవానికి మెల్లగా ఒక దెబ్బ, నాలుగవవానికి రెండు, ఆపైన వచ్చినవారికి ఒక్కొక్కటే పెరుగుతూ పోతుంది. ఈ వివరాలన్నీ క్యాంబెల్ నివేదికలో ఉన్నవే.

అక్కడ చదివిన పుస్తకాల జాబితా మరింత ఆలోచింపజేస్తుంది. రామాయణ, భారత, భాగవతాలు అన్ని శాఖలవారూ భేదం లేకుండా చదివేవారట. వాటికితోడు చేతిపనుల కులాల పిల్లలకు విశ్వకర్మపురాణం వంటి తమవైన పుస్తకాలు, లింగధారుల పిల్లలకు గిరిజాకల్యాణం, చెన్నబసవేశ్వరపురాణం వంటివి వేరుగా ఉండేవి. అంటే ఒక్క అరుగుమీద అందరికీ సామాన్యమైన చదువు ఒకటి, ఇంటింటి విశ్వాసాన్నిబట్టి చదువు మరొకటి, రెండూ నడిచినవి. ఇంతమటుకు మన పూర్వుల వీధిబడి మెచ్చదగినదే.

అయితే మెచ్చుకొనడంతో ఆగిపోతే చరిత్ర కాదు, భజన అవుతుంది. ఆ 6,641 మందిలో ముస్లిం పిల్లలు 243 మంది మాత్రమే. ఆడపిల్లలు జిల్లా మొత్తానికి 60 మంది. అంటరానివారని ఊరు వెలివేసిన బిడ్డలు బడి అరుగెక్కడం సాధారణంగా జరిగే పని కాదు. బడిలో ఉన్నవారికి కలుపుగోలుతనం ఉండినది సరే, బడిలోకే రానివారి మాటేమి? వినాయకపూజతో మొదలయ్యే బడికి వేరే మతం బిడ్డ ఎలా వస్తాడన్న ప్రశ్న ఆనాడు ఎవరూ వేసుకొనలేదు. ఎవరి బడి వారిది, అంతే. మన్రో గూడా ఒక్కొక్క జిల్లాలో హిందువులకు ఒక పెద్ద బడి, ముస్లిములకు ఒక పెద్ద బడి వేరువేరుగా పెట్టాలనే తలచినారు.

క్యాంబెల్ మరొక లోపం గూడా ఎత్తిచూపినారు. పిల్లలు వందలకొలది పద్యాలు తప్పులేకుండా ఒప్పజెబుతారు, కాని చిలుకకు తెలిసినంత అర్థమే వారికీ తెలుసు అన్నారు. ఇది చురుకైన మాటే. మతబోధ అనేది కంఠస్థం చేయించడంతో ముగిసిపోయేదా, అర్థం తెలియజెప్పడమా అన్న వివాదానికి మూలం ఇక్కడే ఉన్నది. ఒక్క మాట మాత్రం చేర్చాలి. మన పిల్లలు తరతరాలుగా వల్లించిన శతకాలలో రాముణ్ణి కొలిచే దాశరథీశతకమూ ఉన్నది, శివుణ్ణి కొలిచే కాళహస్తీశ్వరశతకమూ ఉన్నది, గుడినీ తీర్థయాత్రనూ కులాన్నీ నిలదీసి ప్రశ్నించే వేమన గూడా ఉన్నాడు. ప్రశ్నించేవాణ్ణి సైతం పిల్లల నోట పలికించిన సంప్రదాయం మనది. అర్థం చెప్పి ఉంటే ఎంత గొప్ప చదువు అయ్యేది!

మిషను బడి, కంపెనీ సర్కారు

లండన్ మిషనరీ సంఘానికి చెందిన జాన్ హాండ్స్ 1810లో బళ్లారి చేరి బడులు పెట్టినాడు. మచిలీపట్నంలో రాబర్ట్ నోబుల్ 1843లో బడి ప్రారంభించినాడు. ఈ బడుల చదువుకు బైబిలు పాఠం ఇరుసువంటిది. ఇంగ్లీషు చదువు, క్రమశిక్షణ, ప్రేమగల ఉపాధ్యాయులు ఉండుటచేత తల్లిదండ్రులు పిల్లలను పంపేవారు. కాని లోపల ఒక భయం ఉండనే ఉండినది. 1852లో మచిలీపట్నం బడి విద్యార్థులిద్దరు క్రైస్తవమతం పుచ్చుకొనగానే ఊరు అల్లకల్లోలమైనది. తల్లిదండ్రులు పిల్లలను బడి మాన్పించి తీసుకొనిపోయినారు. తరువాత బడి మెల్లగా కోలుకొని పెద్ద కళాశాల అయినది.

ఇక్కడ ఇద్దరి పక్షమూ వినాలి. ఊరు తాకని బిడ్డలకు, ఆడపిల్లలకు పలక చేతికిచ్చినవారిలో మిషనరీలు ముందువరుసవారు, ఆ ఋణం కాదనలేనిది. అట్లే, చదువుకోసం బిడ్డను పంపితే విశ్వాసమే మారిపోతుందేమోనని తల్లి పడిన బాధను గూడా వట్టి మూర్ఖత్వమని కొట్టివేయలేము. చదువు కావాలంటే ఈ పాఠం వినక తప్పదు అనే షరతులోనే చిక్కంతా ఉన్నది.

మిషను బడి మిషను డబ్బుతో నడిచేది. సర్కారు బడి సంగతి వేరు. 1846లో మద్రాసు గవర్నరు ట్వీడేల్ ప్రభువు సర్కారు బడులలో గూడా బైబిలును పాఠ్యపుస్తకంగా పెట్టించాలని తలపెట్టినారు. అప్పుడు దానిని ఎదిరించినవారిలో ముఖ్యుడు గాజుల లక్ష్మీనరసుచెట్టి. ఈయన చెన్నపట్నంలో స్థిరపడిన తెలుగు వర్తక కుటుంబంలో 1806లో పుట్టినవాడు. 1844లో ‘క్రెసెంట్’ అనే ఇంగ్లీషు పత్రిక పెట్టినాడు. అందరి పన్నులతో నడిచే బడిలో ఒక మతాన్ని బోధించడం అన్యాయమని పౌరులను కూడగట్టి, విలాయతులోని కంపెనీ డైరెక్టర్లకు విన్నపం పంపించినాడు. 1847లో డైరెక్టర్లు ఆ ప్రతిపాదనను తిరస్కరించినారు. పరభాషల నడుమ బ్రతికిన ఒక తెలుగువాడు, పిల్లల బడి విషయంలో రాజ్యం పక్షపాతం చూపరాదని అంత ముందుగా పోరాడి గెలిచినాడన్నది మనం గర్వించదగిన సంగతి. మన పిల్లలలో ఎందరికి ఆయన పేరు తెలుసు?

మౌనం మంచిదేనా?

1854లో చార్లెస్ వుడ్ పంపిన విద్యాశాసనంలో ఈ విషయం స్థిరపడినది. సర్కారు బడులలో చదువు కేవలం లౌకికంగా ఉండాలి. బైబిలు ప్రతి గ్రంథాలయంలో ఉండవచ్చు, పిల్లవాడు తనంతట తాను అడిగితే ఉపాధ్యాయుడు బడివేళలు కానప్పుడు చెప్పవచ్చు, అంతే. ఏ మతంవారు నడిపే బడి అయినా సరే, లౌకికవిద్య బాగుగా చెబితే సర్కారు గ్రాంటు ఇస్తుంది, అక్కడి మతబోధను గురించి విచారించదు. 1858లో విక్టోరియా రాణి ప్రకటన గూడా మతవిషయాలలో జోక్యం చేసుకొనబోమని చెప్పినది.

దీనివల్ల ఒక మేలు, ఒక కీడు కలిగినవి. బలవంతం పోయినది, ఇది మేలు. సర్కారు బడి మతం ఊసే ఎత్తకుండా మౌనం వహించినది. ఎవరి మతం బోధించే బడులను వారు వేరుగా పెట్టుకొన్నారు. దాంతో ఒక మతం పిల్లవానికి మరొక మతాన్ని గురించి బజారులో విన్న పుకార్లు తప్ప తెలిసే మార్గం లేకపోయినది, ఇది కీడు. 1882లో హంటరు కమిషను ఈ వెలితిని గుర్తించి, అన్ని మతాలకూ ఒప్పుదలైన నీతిపుస్తకం ఒకటి కళాశాలలకు తయారుచేయాలని సలహా ఇచ్చినది. కమిషను సభ్యుడైన కాశీనాథ్ త్ర్యంబక్ తెలంగ్ దానితో ఏకీభవించలేదు. ప్రభుత్వమూ దానిని అమలుపరచలేదు. అందరికీ సరిపోవాలని వండిన వంటలో ఉప్పూ కారమూ ఏమి మిగులుతుంది?

మనల్ని ఏలిన ఇంగ్లీషువారికి స్వదేశంలో గూడా ఇదే తలనొప్పి ఉండినది. 1870 విద్యాచట్టంలో వారు రెండు ఏర్పాట్లు చేసుకొన్నారు. పన్నులతో నడిచే బోర్డు బడిలో ఏ ఒక్క క్రైస్తవశాఖకో ప్రత్యేకమైన ప్రశ్నోత్తరమాలిక నేర్పరాదు, ఇది మొదటిది. ఇష్టంలేని తల్లిదండ్రులు మతపాఠంనుంచి బిడ్డను తప్పించుకొనవచ్చు, అందుకు వీలుగా ఆ పాఠం బడి మొదటనో చివరనో ఉండాలి, ఇది రెండవది. మంచి ఏర్పాటే. కాని తప్పించుకొన్న బిడ్డ ఆ గంటసేపు గది బయట కూర్చుంటాడు. అందరూ లోపల, తానొక్కడు బయట. బలవంతం లేకపోవడం ఒక్కటే చాలదని ఈ ఉదాహరణవల్ల తెలుస్తున్నది.

రాజ్యాంగం చెప్పినది

1937లో గాంధీజీ వార్ధాలో మౌలికవిద్యా పథకాన్ని ప్రతిపాదించినారు. దానికి రూపమిచ్చిన సంఘానికి అధ్యక్షుడు జాకిర్ హుసేన్, హైదరాబాదులో జన్మించి తరువాత రాష్ట్రపతి అయిన మహనీయుడు. ఆ పథకంలో మతబోధ లేకపోవడం చూచి పలువురు ఆశ్చర్యపడినారు. ఇంతటి దైవభక్తుడు దీనినెందుకు విడిచిపెట్టినారని అడిగినారు. నేడు మతాలను బోధిస్తున్న తీరు ఐక్యతకన్న కలహానికే దారితీస్తున్నదనీ, అన్ని మతాలకూ సామాన్యమైన సత్యాలు మాత్రం పిల్లలకు చెప్పవలసినవేననీ, అవి మాటలకన్న గురువు నడవడివల్లనే అబ్బుతవనీ ఆయన భావం.

అదే కాలంలో కృష్ణాజిల్లా ముదునూరులో గోరా అని ప్రసిద్ధులైన గోపరాజు రామచంద్రరావు 1940లో నాస్తికకేంద్రం స్థాపించినారు. గాంధీజీకి గోరా అంటే ఆదరం ఉండేది, ఇద్దరూ దేవుణ్ణి గురించి చర్చించుకొన్నారు. మతాల జాబితా చెప్పేటప్పుడు, ఏ మతమూ అక్కరలేదని నీతిగా బ్రతికేవారిని మరచిపోరాదని దీనివల్ల గ్రహించాలి. వారి బిడ్డ గూడా మన బిడ్డ ప్రక్కనే కూర్చుంటున్నాడు.

1950 జనవరి 26న అమలులోకి వచ్చిన రాజ్యాంగంలోని 28వ అధికరణం ఈ వంద ఏళ్ల అనుభవాన్ని మూడు ముక్కలలో చెప్పినది. పూర్తిగా ప్రభుత్వధనంతో నడిచే విద్యాసంస్థలో మతబోధ జరుగరాదు. ఏదైనా ధర్మనిధివల్ల స్థాపించబడి, అందులో మతబోధ ఉండాలని దాత షరతుపెట్టినట్టయితే, ప్రభుత్వం నిర్వహిస్తున్నా అక్కడ ఉండవచ్చు. ప్రభుత్వ గుర్తింపో సహాయమో పొందే బడిలో మతబోధకు గాని ప్రార్థనకు గాని హాజరు కావాలని ఎవరినీ నిర్బంధించరాదు. మైనరు పిల్లలైతే సంరక్షకుని సమ్మతి ఉండాలి.

తెలుగువారికి మరొక అధికరణం గూడా ముఖ్యం. భాషారాష్ట్రాలు ఏర్పడిన 1956లో చేర్చిన 350-ఎ ప్రకారం, భాషాపరంగా కొద్దిమందిగా ఉన్నవారి పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో చదువు చెప్పే సౌకర్యం కల్పించడానికి ప్రతి రాష్ట్రమూ ప్రయత్నించాలి. తెలుగు బడి కోసం అర్జీలు పట్టుకొని తిరిగే మన సంఘాల పెద్దలకు ఈ అంకె కంఠోపాఠం. ఈ రెండు అధికరణాలనూ కలిపి చదువుకొనాలని నా మనవి. బడిలో కొద్దిమందిగా ఉన్న బిడ్డను గౌరవించాలన్నదే రెండింటి సారమూ.

బోధించడం వేరు, తెలియజెప్పడం వేరు

స్వాతంత్ర్యం వచ్చిన తరువాత పెద్దలు మౌనాన్ని దాటి మరొక దారి వెదకినారు. సర్వేపల్లి రాధాకృష్ణన్ తిరుత్తణిలో పుట్టి, అరవదేశంలో చదివి పెరిగిన తెలుగువారు. మనబోటి కుటుంబంనుంచి వచ్చినవారని చెప్పుకొనవచ్చు. ఆయన అధ్యక్షతన 1948-49లో పనిచేసిన విశ్వవిద్యాలయ కమిషను, కళాశాలలో కొద్ది నిమిషాల మౌనధ్యానం ఉండాలనీ, మొదటి సంవత్సరంలో మహాపురుషుల చరిత్రలు చెప్పాలనీ సూచించినది. ఆ జాబితాలో బుద్ధుడు, యేసు, మహమ్మదు ప్రవక్త, శంకరులు, రామానుజులు, మధ్వాచార్యులు, కబీరు, నానక్, గాంధీలతోపాటు చైనా కన్ఫ్యూషియసు, గ్రీసు సోక్రటీసు గూడా ఉన్నారు.

చిన్నపిల్లల సంగతి 1959లో ఏర్పడిన శ్రీప్రకాశ సంఘం విచారించినది. దాని అధ్యక్షుడు శ్రీప్రకాశ అంతకుముందు మద్రాసు గవర్నరుగా పనిచేసినవారు. ప్రాథమిక పాఠశాలలో ఉదయం అందరూ కలిసి పాడే పాటలు, ప్రవక్తల, సాధువుల, మతగురువుల జీవితాలనుంచి సులభమైన కథలు, వివిధ మతాల శిల్పకళను చూపే బొమ్మలు ఉండాలనీ, నీతిబోధకు వారానికి రెండు పీరియడ్లు కేటాయించాలనీ ఆ సంఘం సిఫారసు చేసినది. 1964-66 నాటి కొఠారి కమిషను ఈ భావాన్ని మరింత స్పష్టం చేసినది. ఒక మతాన్ని బోధించడం వేరు, మతాలను గురించి తెలియజెప్పడం వేరు అన్నది. మొదటిది నమ్మమంటుంది, రెండవది తెలుసుకొమ్మంటుంది. మొదటిది ఇంటిపని, గుడిపని, మసీదుపని, చర్చిపని. రెండవది బడిపని. 2002లో సుప్రీంకోర్టు గూడా ఈ భేదాన్నే ఆధారం చేసుకొని, మతాలను గురించి చదవడం 28వ అధికరణానికి విరుద్ధం కాదని తీర్పు చెప్పినది.

విలాయతులో గూడా ఈ మార్పు వచ్చినది. వలసవచ్చిన భారతీయులు చాలామంది ఉన్న బర్మింగ్‌హాము నగరం 1975లో తన బడులకు కొత్త పాఠ్యప్రణాళిక తయారుచేసి, క్రైస్తవంతోపాటు హిందూ, ఇస్లాం, సిక్కు మతాలను, మతంకాని కమ్యూనిజాన్ని గూడా అందులో చేర్చినది. దానిమీద పెద్ద రగడ జరిగినది. 1988 చట్టం వచ్చేనాటికి, క్రైస్తవేతర ముఖ్యమతాలను గూడా పరిగణించవలెనన్నది ఇంగ్లండులో శాసనమైపోయినది. వలసవచ్చినవారి బిడ్డలు బల్లమీద కూర్చోవడంవల్లనే ఆ పాఠం మారినది.

పాడనని నిలుచున్న బిడ్డ సంగతి ప్రారంభంలో అడిగినాను. దానికి న్యాయస్థానం జవాబే ఉన్నది. 1985లో కేరళలో యెహోవాసాక్షులనే క్రైస్తవశాఖకు చెందిన ముగ్గురు పిల్లలను బడినుంచి వెళ్లగొట్టినారు. ఒకరు పదవతరగతి, ఒకరు తొమ్మిది, చిన్నపిల్ల ఐదవతరగతి. జాతీయగీతం పాడేటప్పుడు వారు మర్యాదగా లేచి నిలుచునేవారు, కాని తమ విశ్వాసం ఒప్పదని నోరు విప్పేవారు కారు. 1986 ఆగస్టులో సుప్రీంకోర్టు వారిని తిరిగి బడిలో చేర్చుకొనాలని తీర్పు చెప్పినది. ఆ తీర్పు వ్రాసినది తెలుగువాడైన న్యాయమూర్తి ఓ. చిన్నప్పరెడ్డి. లేచి నిలబడి గౌరవం చూపిన బిడ్డ అగౌరవం చేసినట్టు కాదని, సహనమే మన సంప్రదాయమూ, రాజ్యాంగమూ నేర్పే పాఠమని ఆయన తేల్చినారు. జాతీయగీతం విషయంలోనే అట్లా అన్నప్పుడు, మన తరగతిలోని ఒక ప్రార్థన పద్యానికి ఇంకా చెప్పవలెనా?

మనం చేయదగినది

ఇంత చరిత్ర చెప్పుకొన్నది మనకు ఒక ఉపయోగం ఉన్నదని. మనం ఒక విచిత్రమైన స్థితిలో ఉన్నాము. బడిలో భాషవల్ల మనం కొద్దిమందిమి. అక్కడ మన బిడ్డ మాట పలికితే తోటిపిల్లలు నవ్వుతారేమోనని మనకు దిగులు. అదే మన సంఘంలోనికి వస్తే మతంవల్ల మనలో పెక్కుమంది పెద్ద గుంపు. తెలుగు ముస్లిములు, తెలుగు క్రైస్తవులు, తదితరులు కొద్దిమంది. ఉదయం బడిలో ఏ గౌరవం మన బిడ్డకు కావాలని కోరుతున్నామో, సాయంకాలం మన తరగతిలో అదే గౌరవం ఇతరుల బిడ్డకు ఇవ్వవలసినవారమూ మనమే. ఈ రెండు అనుభవాలూ ఒక్కచోట కలిగినవారు దేశంలో ఎక్కువమంది లేరు. కనుక ఈ విషయంలో మనం ఇతరులకు దారి చూపగలము.

పెద్దల ఆలోచనకు నాలుగు మాటలు మనవి చేస్తాను. మొదటిది, తరగతి ప్రారంభంలో అందరూ పాడదగిన తెలుగు పాట ఒకటి, తరువాత ఒక నిమిషం మౌనం. ఆ నిమిషంలో ఎవరి దేవుణ్ణి వారు తలచుకొంటారు; దేవుడు లేనివారు తల్లిదండ్రులను తలచుకొంటారు. రెండవది, ఉగాది, రంజాను, క్రిస్మసు, బసవజయంతి, బుద్ధపూర్ణిమ వచ్చినప్పుడు ఆ పండుగ సంగతి ఆ ఇంటి బిడ్డే, ఇష్టమైతేనే, తెలుగులో చెప్పాలి. అది భాషకు అభ్యాసమూ అవుతుంది. మూడవది, పాఠం చెప్పేవారు ‘వారు ఇట్లా నమ్ముతారు, ఇట్లా చేస్తారు’ అని చెప్పాలి. ‘ఇదొక్కటే నిజం’ అని గాని, ‘అది వట్టి మూఢత్వం’ అని గాని అనరాదు. పిల్లలు ‘ఎందుకు’ అని అడిగితే కసరుకొనక, తెలిసినంత చెప్పి, తక్కినది ఇంట్లో పెద్దలను అడగమనాలి. నాలుగవది, భక్తికి మార్కులు వేయరాదు. కథ ఎంత బాగా చెప్పినారో దానికే మార్కులు.

మరి మన మతం, మన పూజ, మన పద్యం పిల్లలకు ఎవరు చెప్పాలి అని కొందరు అడుగవచ్చు. మనమే చెప్పాలి, ఇంట్లో. డ్యూటీలు, షిఫ్టులు, వంటపని నడుమ తీరికలేక మనం మానివేసిన పనిని బడిమీద వేసి, బడి చేయలేదని నిందించడం న్యాయం కాదు. రాత్రి అన్నం తినేవేళ ఒక కథ, పండుగనాడు ఒక పద్యం, దానికి అర్థం. చిలుకపలుకు కాకుండా అర్థం చెప్పి నేర్పితే ఆ బిడ్డకు తన విశ్వాసం మీద నిలకడ వస్తుంది. తన విశ్వాసం తెలిసి నిలిచిన బిడ్డ ఎదుటివాని విశ్వాసాన్ని చూచి భయపడదు, వెక్కిరించదు.

బళ్లారి అరుగుమీద ముందు వచ్చినవానికి సరస్వతి, వెనుక వచ్చినవానికి దెబ్బలు. అసలు రానివారిని ఎవరూ లెక్కపెట్టనేలేదు. రెండువందల ఏళ్లలో మనం నేర్చుకొన్నది ఈ రానివారిని లెక్కపెట్టడమే. రాబోయే సంవత్సరంలో మన ఆదివారపు తరగతికి ఎందరు వచ్చినారన్నదానితోపాటు, ఏ ఇంటి బిడ్డలు రాలేదు, ఎందుకు రాలేదు అన్నది గూడా కార్యవర్గంవారు విచారించవలెనని కోరుతూ, సోదరసోదరీమణులందరికీ ఉగాది శుభాకాంక్షలు తెలుపుకొంటున్నాను.